గాజు గొట్టంలో నీళ్ళు కనబడకపోతే

అల్జీర్సు,
జనవరి 12

బాబాయ్‌కి,

సలాం. నువ్వూ పిన్నీ కులాసాయేనా? ఈ ఉత్తరం నీకోసం ఫ్రెంచిలో రాస్తున్నాను. మా డైరెక్టరు సీ తౌఫీక్ కంటబడితే నా పని అయిపోయినట్టే. ఆఫీసులో ఇప్పుడు అరబ్బీ తప్ప ఇంకో అక్షరం కనబడకూడదు. తలుపు మీద ‘నెట్టండి’ అని ఫ్రెంచిలో ఉన్న రేకుముక్కను కూడా మొన్న పీకించేశాడు. అప్పటినుంచి వచ్చినవాళ్ళంతా ఆ తలుపుని లాగుతున్నారు.

అసలు సంగతి చెబుతా విను. బాయిలర్ల పుస్తకం నాకిచ్చారు. నీ బల్లకి ఒక కాలు పొట్టిదైతే దాని కింద ఎత్తు పెట్టావు చూడు, ఆ రెండువందల నలభై పేజీల పుస్తకమే. దాన్ని అరబ్బీలోకి మార్చి దేశంలోని మిల్లులన్నిటికీ పంపాలి. మాటలు మార్చేవాళ్ళు వేరే ఉన్నారు. పేజీ ఎలా ఉండాలి, ఏది పైన, ఏది కింద, ఏ బొమ్మ ఎంత, అదంతా నా చేతిలో పెట్టారు.

ఆ పుస్తకాన్ని ఎవరూ చదవరు బాబాయ్. బాయిలరు నీటిమట్టం చూపించే గాజు గొట్టంలో నీళ్ళు మాయమైనవాడు నూట పన్నెండో పేజీ తిప్పుకుంటూ కూర్చుంటాడా? అందుకని పన్నెండు అపాయాలకి పన్నెండు గోడ కాగితాలు వేస్తున్నాను. పైన పెద్ద అక్షరాల్లో ఒక్క వాక్యం, దాని కింద వరసగా మూడు బొమ్మలు, చుట్టూ బోలెడంత ఖాళీ. బొమ్మలు కొత్తగా గీసే టైము లేదు, పాత ఫ్రెంచి పుస్తకం బొమ్మలు అచ్చువేసిన జింకు బ్లాకులే వాడుకుంటున్నాం. వాటి చుట్టూ ఉన్న చిల్లర గీతలు, అంకెలు, బాణాలు అన్నీ గీకించి శుభ్రం చేయించాను. ఇప్పుడు పేజీ ఎంత హాయిగా ఉందో చూడు.

ఒకటి పంపుతున్నాను. ‘గాజు గొట్టంలో నీళ్ళు కనబడకపోతే’ అన్న కాగితం. మొదట మంట ఆర్పుతున్న చెయ్యి, తర్వాత చల్లారేదాకా ఆగమని గడియారం, ఆఖర్న నీటి వాల్వు తిప్పుతున్న చెయ్యి. కాలిన పెనం మీద నీళ్ళు చల్లి, బాయిలర్లో ఇలా జరిగితే గోడలు కూడా మిగలవని నాకు పదేళ్ళప్పుడు చూపించింది నువ్వే. చూసి నిజం చెప్పు. అరబ్బీ చదివిన కుర్రకారుకి కూడా చూపించు. పొగడ్తలైతే రెండు పేజీలు రాసినా ఫరవాలేదు.

నీ
జహియా


తెలెమ్సెన్,
జనవరి 29

జహియాకి,

నీ కాగితం అందింది. రెండు పేజీల పొగడ్త నాకు చేతకాదు. బాగుంది. ముప్ఫై ఏళ్ళుగా నేను నోటితో అరిచి చెబుతున్నదాన్ని మూడు బొమ్మల్లో పెట్టావు. మీ నాన్న ఉంటే దీన్ని అద్దం కట్టించి ముందుగదిలో తగిలించేవాడు. వచ్చినవాళ్ళకి బాయిలరు గురించి ఉపన్యాసం కూడా దంచేవాడు.

ఇక్కడ సంగతులు అంత బాగాలేవు. నీళ్ళు తగ్గితే కూత పెట్టే ఈల చచ్చిపోయి ఎనిమిది నెలలైంది. కొత్తది ఒరాన్ రేవులో ఉందట, కాగితాల మీద ఏదో సంతకం తక్కువైందట. కిందటి నెలలో రెండుసార్లు గొట్టం ఖాళీ అయింది. రెండుసార్లూ నేనే ఉన్నాను గనక సరిపోయింది. నా కుడికంట్లో పొర ముదిరింది. ఒరాన్ ఆసుపత్రిలో పేరు రాయించుకున్నాను, మంచం ఖాళీ అవగానే కబురు చేస్తారట. అద్దకం షెడ్డులోంచి మిలూద్ అని ఒకతన్ని నాకు తోడుగా మార్చిలో పంపిస్తామన్నారు. ఈలోగా ఒక కంటితో దుప్పట్ల మిల్లుకంతటికీ ఆవిరి ఇస్తున్నాను. నువ్వేమో అక్కడ కాగితాలకి ఖాళీలు పెట్టుకుంటూ కూర్చున్నావు.

కుర్రకారుకి చూపించమన్నావు కదా, క్యాంటీను వంటవాడు కద్దూర్‌కి చూపించాను. వాడు బడంతా అరబ్బీలోనే చదివాడు. పప్పుచారు గరిట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని మరీ చూశాడు. "భలే ఉంది మేస్త్రీ. ముందు నీళ్ళు పెట్టారు, అదే కావలసింది" అన్నాడు. వంటవాడు కదా, ఏ పనైనా వాడికి నీళ్ళు ఎసట్లో పోయడంతోనే మొదలు. నేను నవ్వుకుని వచ్చేశాను.

పిన్ని నీకు ఎండు అత్తిపండ్లు పంపింది. ఆఫీసులో పంచిపెట్టకు, నువ్వు తిను.

బాబాయ్ బూజెమా


అల్జీర్సు,
ఫిబ్రవరి 6

బాబాయ్‌కి,

అత్తిపండ్లు అందాయి. వాటి సంగతి తర్వాత.

కద్దూర్ ‘ముందు నీళ్ళు’ అన్నాడని రాశావు. నువ్వు నవ్వుకున్నావు. నాకు మాత్రం ఆ ముక్క చదివిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు. ఇంకోసారి కద్దూర్ దగ్గరికి వెళ్ళు. వాడికి ఏమీ చెప్పకు. కాగితం చేతికిచ్చి, "మొదటి బొమ్మ మీద వేలు పెట్టు" అను. అంతే. ఏ బొమ్మ మీద పెట్టాడో వెంటనే రాయి. వాడొక్కడే కాదు, ఇంకో నలుగురైదుగురి చేత కూడా పెట్టించు.

ఎందుకని అడగకు, ముందు చేయించు. ఈలోగానే కాగితాలు అచ్చుకి వెళ్తున్నాయి.

జహియా


తెలెమ్సెన్,
ఫిబ్రవరి 20

జహియాకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర కాగితం బల్ల మీద పరిచాను.

"మొదటి బొమ్మ మీద వేలు పెట్టరా" అన్నాను కద్దూర్‌తో.

తడుముకోకుండా కుడి చివర బొమ్మ మీద పెట్టాడు. నీటి వాల్వు మీద.

"ఏడిశావు, మొదటిది అటు కదా" అన్నాను, ఎడమవైపు మంట బొమ్మ చూపిస్తూ.

"అదేంటి మేస్త్రీ, పైన అక్షరాలు కుడి నుంచి మొదలై, కింద బొమ్మలు మాత్రం ఎడమ నుంచి మొదలవుతాయా? మీ ఒక్క కన్ను కూడా పోయినట్టుంది" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు.

తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరి చేతా పెట్టించాను. నాలాగా ఫ్రెంచి బడికి పోయిన ముసలాళ్ళం ముగ్గురం మంట మీద పెట్టాం. స్వతంత్రం వచ్చాక చదువుకున్నవాళ్ళు నలుగురూ నీళ్ళ మీద పెట్టారు. ఒకే కాగితం, ఒకే బల్ల. మా దారిన చదివితే బతుకుతారు, వాళ్ళ దారిన చదివితే చస్తారు. ఇందులో వాళ్ళ తప్పేముందమ్మాయ్? అరబ్బీ కాగితాన్ని అరబ్బీలాగే చదివారు.

నీ కాగితం అరబ్బీ వేషం వేసుకున్న ఫ్రెంచివాడు. బొమ్మలు తిప్పించు. లేదా పక్కన ఒకటి, రెండు, మూడు అని వెయ్యి, ఏ బడికి పోయినవాడికైనా అంకెలు ఒకటే. పని అయ్యాక రాయి. నాకు ఆపరేషను కబురు ఎప్పుడైనా రావచ్చు, అది తెలిసి వెళ్తే నిశ్చింతగా ఉంటుంది.

బూజెమా


అల్జీర్సు,
మార్చి 14

బాబాయ్‌కి,

బొమ్మల సంగతి సరిచేశాను. ఇక దాని గురించి నువ్వు బుర్ర పాడుచేసుకోకు, కళ్ళ సంగతి చూసుకో.

ఇక్కడ ఊపిరాడని పని. ఏప్రిల్ పదహారు, విద్యా దినం నాడు మంత్రిగారి చేతులమీదుగా కాగితాలు విడుదల చేస్తారట. పెద్ద హాలు తీసుకున్నారు. గోడలనిండా నా పన్నెండు కాగితాలూ తగిలిస్తారు. కొత్త బట్టలు కుట్టించుకున్నాను, నీలం రంగు. సీ తౌఫీక్ అందరి ముందూ "ఈ దేశంలో ఇంత శుభ్రమైన పేజీ ఇదివరకు అచ్చుకాలేదు" అన్నాడు. వెనకాల మాత్రం నన్ను విభాగానికి పెద్దని చేస్తారని అనుకుంటున్నారు. ఎవరితోనూ అనకు, పిన్నితో తప్ప. పిన్నితో అంటే ఊరంతటితో అన్నట్టే అనుకో.

మిలూద్ వచ్చాడా? పని నేర్చుకుంటున్నాడా? ఎలాంటివాడు?

జహియా


ఒరాన్ ఆసుపత్రి,
ఏప్రిల్ 22

జహియాకి,

ఇది నేను చెబుతుంటే పక్కమంచం ఆయన రాస్తున్నాడు. బళ్ళో పంతులుగా చేసి రిటైరయ్యాడట, నేను చెప్పిన ప్రతి వాక్యాన్నీ దిద్దుతున్నాడు. ఎక్కడైనా మరీ మర్యాదగా ఉంటే అది ఆయన మాట అనుకో. ఒక కన్నే కోశారు గానీ రెండో కంటికీ కట్టు కట్టారు. ఒకటి కదిలితే ఇంకోటి కదులుతుందట. గుడ్డివాడిలా పడుకుని రేడియో వింటున్నాను. మీ విద్యా దినం సంబరం అందులోనే విన్నాను. నీ పేరు చెప్పలేదు, వెధవలు.

మిలూద్ ఎలాంటివాడని అడిగావు. ఇరవయ్యెనిమిదేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు. నెమ్మదస్తుడు. రెండుసార్లు చెప్పాలి, కానీ రెండోసారి చెప్పింది జన్మలో మర్చిపోడు. భార్య ఖీరా రోజూ ఇద్దరికీ సరిపడా రొట్టె కట్టి పంపేది, నేను ముసలాణ్ణని గుడ్డు నాకే ఎక్కువ పెట్టేది. మంట వెలిగించడం, ఆవిరి వదలడం, మడ్డి కడగడం వరకూ నేర్పాను. గొట్టం ఖాళీ అయితే ఏం చెయ్యాలో నేర్పేలోగా ఇక్కడినుంచి మంచం ఖాళీ అయిందని కబురొచ్చింది. ఎలాగూ నీ కాగితం వస్తోంది కదా, అది నాకంటే బాగా చెబుతుంది అనుకున్నాను.

శుక్రవారంనాడు బస్సెక్కి నన్ను చూడ్డానికి వచ్చాడు పాపం. కాగితాలు సంబరానికి ముందే వచ్చాయట, బాయిలరు పక్కన గోడకి అద్దంలో పెట్టారట.

"ఆ బొమ్మలు మా అమ్మాయే వేయించింది. మొదట్లో తిరగబడ్డాయి, సరిచేసింది. నేను లేనప్పుడు ఏ అనుమానం వచ్చినా వాటినే చూడు. నీ చదువు ఎటునుంచి అలవాటో అటునుంచే చూడు, నా మాట కూడా గుర్తుతెచ్చుకోనక్కర్లేదు" అన్నాను.

"సరే మేస్త్రీ. చూస్తుంటే సులువుగానే ఉంది" అన్నాడు.

ఇంకో రెండు వారాలు నన్ను ఇక్కడే ఉంచుతారట. మిల్లు గురించి నాకు బెంగ లేదు, నీ పుణ్యమా అని.

బాబాయ్


అల్జీర్సు,
ఏప్రిల్ 29

బాబాయ్‌కి,

ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న పెద్దమనిషి నన్ను క్షమించాలి. ఆపకుండా చివరిదాకా చదవమనండి.

బొమ్మలు సరిచెయ్యలేదు బాబాయ్. అబద్ధం రాశాను. నీ ఫిబ్రవరి ఉత్తరం అందేసరికి పన్నెండేసి కాగితాల కట్టలు ఆరువేలు అచ్చయి, కోసి, పెట్టెల్లో పెట్టేశారు. సీ తౌఫీక్ దగ్గరికి వెళ్ళాను. ఒక చిన్న చీటీ అచ్చువేసి ప్రతి కాగితం మీదా అంటిద్దాం అన్నాను. ఆయన కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని, "దీని మీద చీటీ అంటిస్తావా? అరబ్బీ కాగితాన్ని ఎడమనుంచి చూడండి అని మంత్రిగారి ముందు రాసిపెడతావా? మన పరువేం కాను?" అన్నాడు. నేను కాగితం తీసుకుని వచ్చేశాను. ఇంకోసారి అడగనూ లేదు. మిల్లుల్లో నీలాంటి పెద్దవాళ్ళు ఉంటారులే, వాళ్ళు చెబుతారులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. బొమ్మల కింద పాత బ్లాకుల్లో ఒకటి, రెండు, మూడు అని అంకెలు ఉండేవి. వాటిని తీసెయ్యమని నాకెవరూ చెప్పలేదు. తౌఫీక్ అయినా ఫ్రెంచి అక్షరాల జోలికే గానీ అంకెల జోలికి రాడు. పేజీ నీటుగా ఉంటుందని నేనే గీకించాను. అవి ఉంటే ఏ వైపునుంచి చూసినా ఇబ్బంది లేకపోయేది. నా అందం పిచ్చితో నేనే ఇలా చేశాను.

నీ ఉత్తరం నిన్న అందింది. అందగానే మిల్లుకి ఫోను చేశాను. గుమాస్తా ఎవరో ఎత్తాడు. బాయిలరు దగ్గరివాళ్ళు ఫోను దగ్గరికి రారట. "మిలూద్‌తో చెప్పండి, గోడమీది బొమ్మలు ఎడమనుంచి చూడమని" అన్నాను. "అరబ్బీ కాగితమా? ఎడమనుంచా? ఏంటక్కా, వేళాకోళమా?" అని నవ్వాడు. అప్పుడే తౌఫీక్ గదిలోకి వచ్చాడు. నేను "సరే, తర్వాత చేస్తాను" అని పెట్టేశాను. ఇవాళ పొద్దుటినుంచీ ఆ లైను కలవడం లేదు.

ఎవరిచేతైనా కబురు పంపు బాబాయ్. ఆ కాగితం చింపించు. నన్ను తర్వాత ఎంతైనా తిట్టు.

జహియా


తెలెమ్సెన్,
మే 11

జహియా,

నీ ఉత్తరం ఒరాన్ వెళ్ళి, అక్కడ నేను లేకపోతే తిరిగి ఇక్కడికి వచ్చింది. నన్ను ముందుగా పంపించేశారు, ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

మే నాలుగో తారీకు, సోమవారం, పొద్దున పదిన్నరకి గొట్టం ఖాళీ అయింది. ఈల లేదు, కూయలేదు. మిలూద్ ఒక్కడే ఉన్నాడు. బొగ్గు తెచ్చే తోపుడుబండి అతను గుమ్మంలోంచి చూశాడట. మిలూద్ కంగారు పడలేదు, పరుగెత్తలేదు. గోడ దగ్గరికి వెళ్ళి నిలబడి కాగితం చూశాడట. వెనక్కి వచ్చి నీటి వాల్వు తిప్పాడట. తర్వాత తలెత్తి గడియారం వైపు చూశాడట. బండి అతను అప్పటికి పెరట్లోకి వెళ్ళాడు గనక బతికాడు.

పైకప్పు లేదు. ఇటువైపు గోడ లేదు. మిలూద్‌ని గుర్తుపట్టింది బూట్లనిబట్టి. ఆ బూట్లు నావే, ఒరాన్ వెళ్తూ వేసుకోమని ఇచ్చాను.

కాగితం ఉన్న గోడ మాత్రం నిలబడింది. కట్టు విప్పాక నేను బయట చూసిన మొదటి వస్తువు అదే. అద్దం పగిలింది, కాగితం చెక్కుచెదరలేదు. ఎడమ చివర మంట, కుడి చివర నీళ్ళు. జనవరిలో నువ్వు పంపినట్టే ఉంది. కన్ను బాగా కుదిరింది, ఇప్పుడన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. కుదరకపోయినా బాగుండేది.

నువ్వు నిజం రాసి ఉంటే నేను అతని చెయ్యి పట్టుకుని మూడు బొమ్మలూ చూపించి, పది సార్లు అప్పజెప్పించుకుని గాని బస్సెక్కేవాణ్ణి కాదు. నువ్వు సరిచేశానన్నావు. నేను నమ్మి, అతణ్ణి నమ్మమన్నాను. నా మాట కూడా గుర్తుతెచ్చుకోవద్దన్నాను. నిన్ను చంపేద్దామన్నంత కోపం ఉంది, నామీద అంతకంటే ఎక్కువ ఉంది.

విచారణకి అల్జీర్సు నుంచి ముగ్గురు ఇంజనీర్లు వచ్చారు. ముగ్గురూ ఫ్రాన్సులో చదివినవాళ్ళే. కాగితం ముందు నిలబడి ఎడమనుంచి చూశారు. "మంట, గడియారం, నీళ్ళు. కాగితంలో అంతా సరిగ్గానే ఉంది. వీడే తిరగేసి చేశాడు" అని రాసుకున్నారు. నేను అరిచి చెప్పాను. నా మాట కొట్టిపారేశారు. తప్పు మిలూద్‌దని తేలితే ఖీరా కంపెనీ ఇల్లు ఖాళీ చెయ్యాలి, ఇద్దరు పిల్లలతో. వాళ్ళు పెద్దయ్యాక మా నాన్న కాగితం కూడా చూడ్డం రాక చచ్చాడని అనుకోవాలి.

విచారణ ఇరవయ్యెనిమిదిన ముగుస్తుంది. అతను కాగితంలో ఉన్నట్టే చేశాడని చెప్పగలిగిన మనిషివి నువ్వొక్కర్తివే.

బూజెమా


అల్జీర్సు,
మే 18

బాబాయ్‌కి,

నాలుగు సార్లు మొదలుపెట్టి చింపేశాను. నాకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే ఆ కాగితం ముందు నిలబడ్డ మనిషి వీపు కనబడుతోంది.

చెబుతాను. కానీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. సీ తౌఫీక్‌కి సంగతి తెలిసింది. "అచ్చాఫీసువాళ్ళు బ్లాకు తిరగేసి బిగించారని రాయి, అందరూ బయటపడతాం" అంటున్నాడు. నేను అలా రాయను, ఒట్టు. కానీ అంతా రాతలో పంపిస్తే చాలదా? నేను అక్కడికి రావాలా? వస్తే ఖీరా నా మొహం చూస్తుంది. ఆవిడ నన్ను ఏమడుగుతుందో, నేనేం చెప్పాలో. నువ్వు నా పక్కన ఉంటానంటే వస్తాను. నేను నీ అన్న కూతుర్నని తెలిస్తే కాస్త ఓర్చుకుంటుందేమో. స్టేషనుకి వస్తావా? ముందు మనింటికి వెళ్దాం, పిన్ని దగ్గర ఒక్క పూట ఉండి, తర్వాత వెళ్దాం.

ఇంకా ఐదువేల తొమ్మిదివందల చిల్లర కట్టలు మిల్లుల్లో గోడలమీద ఉన్నాయి బాబాయ్. రోజూ పేపరు తెరవాలంటే భయంగా ఉంది.

జహియా


తెలెమ్సెన్,
మే 23

జహియాకి,

రాత చాలదు. నీ రాత నమ్మే ఇంతదాకా వచ్చింది. నువ్వే రా. ఆ ముగ్గురినీ కాగితం ముందు నిలబెట్టి, అక్కడికి కద్దూర్‌ని పిలిచి, మొదటి బొమ్మ మీద వేలు పెట్టమను. కద్దూర్ సిద్ధంగా ఉన్నాడు. మిగతా మిల్లుల సంగతి కూడా అక్కడే వాళ్ళ మొహాన చెప్పు, ఆ పూటే టెలిగ్రాములు కొట్టమను. నీ ఉద్యోగం పోతుంది. పోనీ.

స్టేషనుకి నేను రాను. మనింటికి ముందు రాకు. పిన్ని గుమ్మంలో నీకోసం ఏడుస్తూ నిలబడుతుంది, నువ్వు ఆవిడ ఒళ్ళో పడి ఏడుస్తావు, అక్కడితో నీ మనసు తేలికైపోతుంది. అది జరగనివ్వను.

రైలు దిగి తిన్నగా మిలూద్ ఇంటికి వెళ్ళు. మిల్లు వెనక క్వార్టర్లలో మూడో వరస, ఆకుపచ్చ తలుపు. పరామర్శకి అందరూ తీసుకెళ్తున్నట్టే పంచదార, కాఫీపొడి పొట్లాలు పట్టుకెళ్ళు. చాప మీద ఆడవాళ్ళతో కూర్చో. ఖీరా నువ్వెవరివని అడుగుతుంది. నీ పేరు చెప్పు, ఏం పని చేస్తావో చెప్పు. నా పేరు చెప్పకు.

బూజెమా